మొక్కజొన్న పొత్తు, హార్డ్ డిస్కు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

భీమిలి ఒడ్డున అయస్కాంతానికి దారం కట్టి ఇసుకలో లాగారు, గుర్తుందా? నల్ల రేణువులు మీసాల్లా లేచి నిలబడ్డాయి. అప్పుడే బుజ్జి అడిగింది, హార్డ్ డిస్కులో ఫోటోలు ఎక్కడుంటాయని. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను.

డిస్కు విప్పితే అద్దంలా మెరిసే పళ్ళెం ఉంటుంది. దాని మీద కోబాల్ట్, క్రోమియం, ప్లాటినం కలిసిన పూత. మందం సుమారు 15 నానోమీటర్లు, అంటే మన వెంట్రుకలో వేల వంతు. ఆ పూత నున్నగా కనిపిస్తుంది కానీ, నిజానికి 8 నానోమీటర్ల చిన్న చిన్న గింజలు పక్కపక్కనే పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో గింజా ఒక్కో బుల్లి అయస్కాంతం. పక్క గింజ దీన్ని లాగెయ్యకుండా మధ్యలో సన్నటి ఆక్సైడ్ గోడ. కొన్ని గింజలు కలిసి ఒకే వైపు తిరిగితే ఒక బిట్, అంటే సమాచారంలో అతి చిన్న ముక్క. మీ ఫోటోలన్నీ ఇలాంటి బిట్లే.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడుంది. ఆర్కే బీచ్‌లో కొనుక్కున్న మొక్కజొన్న పొత్తును సగం దాకా ఒలిచి ఆపండి. ఒలిచిన భాగానికీ మిగిలిన భాగానికీ మధ్య అంచు తిన్నగా ఉండదు, వంకర్లు పోతుంది. గింజ ఊడితే మొత్తం ఊడుతుంది, సగం ఊడదు కదా! డిస్కులో బిట్‌కీ బిట్‌కీ మధ్య హద్దూ అంతే. హద్దు ఎంత వంకరైతే, బిట్లను చదివే హెడ్ అనే చిన్న పరికరానికి అంత గందరగోళం. ఇంజనీర్లు దాన్నే నాయిస్ అంటారు.

గింజలు ఇంకా చిన్నవి చేస్తే సరి అనిపిస్తుంది. కానీ మరీ చిన్నదైతే గది వేడికే అయస్కాంతం దానంతట అదే తిరగబడి, రాసింది చెరిగిపోతుంది. గట్టిగా నిలబడే పదార్థం వాడితే రాయడమే కష్టం. అందుకే ఇప్పుడు రాసే క్షణంలో లేజర్‌తో ఆ చుక్కను వేడి చేసే డిస్కులూ వచ్చాయి.

ఈ హద్దుల్ని చూసే ఉపాయం 1931లో ఫ్రాన్సిస్ బిట్టర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. అయస్కాంతం మీద అతి మెత్తటి ఇనుప ఆక్సైడ్ పొడిని ద్రవంలో కలిపి పోస్తే, అది హద్దుల దగ్గరే పోగవుతుంది. మీ ఇసుక ఆటే అది! డిస్కు గింజలు ఇలా కనబడవు కానీ, పాత ఏటీఎం కార్డు వెనక నల్ల పట్టీ మీద మెత్తటి ఇనుప పొడి చల్లి, మెల్లగా తట్టి దులిపితే, రైలు పట్టాల కింద దిమ్మెల్లా అడ్డగీతలు తేలతాయి. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా. కార్డు నంబరు ఆ ఎడాల్లోనే ఉంది.

దసరాకి వచ్చేటప్పుడు నాన్న దగ్గర గడువు తీరిన కార్డు అడిగి తెండి. పొడి, భూతద్దం నా దగ్గర ఉన్నాయి.

మీ తాతయ్య