కొత్త బండి తొలి వెయ్యి కిలోమీటర్లు: అపోహలు – వాస్తవాలు

కొత్త బండి మొదటి సర్వీసింగ్‌కి తెచ్చినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "యాభై దాటించలేదండీ, ఇంజిన్ బాగానే ఉందా?" ఏళ్ల తరబడి బళ్లు విప్పి బిగిస్తున్నాను. టైర్లలో గాలి ఎంత ఉండాలని, ముందు బ్రేక్ ఎలా పట్టుకోవాలని అడిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా దిగులంతా ఇక్కడే. ఇంజిన్‌కి ఏమవుతుందోనని అంత టెన్షన్ పడతాం. అదే రోజుల్లో టైర్లూ కొత్తవే, బ్రేక్ ప్యాడ్లూ కొత్తవే, చైనూ కొత్తదే. అన్నిటికీ మించి, ఆ బండికి మనం కొత్త.

"బండి నడపడం నాకు కొత్తేం కాదు"

1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం ఒక నివేదిక ఇచ్చింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి తయారుచేసిన నివేదిక అది. ప్రమాదంలో పడ్డవాళ్లలో సగం మందికి పైగా, ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు. మొత్తం మీద రోడ్డు మీద బండి నడిపిన అనుభవం మాత్రం దాదాపు మూడేళ్లు ఉంది. అంటే బండి తోలడం వచ్చినవాళ్లే, *ఆ* బండికి అలవాటు పడకముందే పడిపోయారు.

ఎందుకో మెకానిక్‌గా నాకు బాగా అర్థమవుతుంది. పాత బండిలో క్లచ్ సగం వదిలాక పట్టేది, కొత్తదాంట్లో వదలడం మొదలుపెట్టగానే పట్టొచ్చు. పాత బండి బ్రేక్ లీవర్ రెండు వేళ్ల దూరం లాగితే గానీ పనిచేసేది కాదు, కొత్తది తాకగానే పట్టేస్తుంది. హ్యాండిల్ వెడల్పు వేరు, బరువు వేరు, అద్దంలో కనిపించే మేర వేరు. మన చేతులూ కాళ్లూ మాత్రం ఇంకా పాత బండే నడుపుతుంటాయి. అత్యవసరంలో ఆలోచించే టైమ్ ఉండదు, అలవాటే పనిచేస్తుంది. ఆ అలవాటు వేరే బండిది.

అందుకే బండి ఇచ్చేటప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: మొదటి అరగంట ఖాళీ స్థలంలో గడపండి. నెమ్మదిగా ఎనిమిది అంకె వేయండి, ఆపండి, మళ్లీ కదిలించండి. అద్దాలు, లీవర్లు మీ చేతికి, ఎత్తుకి సరిపోయేలా తిప్పించుకోండి. చాలా బళ్లలో లీవర్ల కోణం మార్చుకోవచ్చని వాడేవాళ్లలో చాలామందికి తెలియదు.

"రన్-ఇన్ అయ్యేదాకా ఒకే స్పీడులో, నెమ్మదిగా పోవాలి"

ఇందులో సగం నిజం. రన్-ఇన్‌లో, అంటే కొత్త ఇంజిన్ కుదురుకునే మొదటి 500 లేదా 1000 కిలోమీటర్లు, ఇంజిన్‌ని పీకల దాకా లాగకూడదన్నది నిజం. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటకూడదో, లేదా ఏ గేర్‌లో ఎంత స్పీడు దాటకూడదో ఉంటుంది, అది పాటించాలి. ఒకే స్పీడు అన్న మాటే తప్పు.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకు సరిగ్గా కుదురుకోవాలి. అందుకోసమే ఫ్యాక్టరీలో ఆ గోడ మీద సన్నటి అడ్డగీతలు గీస్తారు. వాటిలో ఆయిల్ నిలుస్తుంది, గరుకు అంచుల మీద రింగు కొద్దికొద్దిగా అరిగి తన చోటు చూసుకుంటుంది. రింగుని గోడకేసి నొక్కేది పెట్రోల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడే. బండిని మరీ గారాబంగా, థ్రాటిల్ తిప్పీ తిప్పనట్టు, గంటల తరబడి ఒకే వేగంతో నడిపితే ఆ ఒత్తిడి చాలదు. గీతలు నునుపెక్కిపోతాయి గానీ రింగులు సరిగ్గా కూర్చోకపోవచ్చు. అలాంటి ఇంజిన్లే తర్వాత ఆయిల్ తాగుతాయి.

కాబట్టి పరిమితి లోపల వేగం మారుస్తూ పోండి. కాస్త పెంచండి, థ్రాటిల్ వదిలి తగ్గనివ్వండి, గేర్లు మార్చండి. ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తాను. రన్-ఇన్ కదా అని టాప్ గేర్‌లో 30కి దిగి, గేర్ తగ్గించకుండా అక్కణ్ణుంచే థ్రాటిల్ తిప్పుతారు. ఇంజిన్ దడదడలాడుతుంది. నెమ్మదిగానే పోతున్నాం కదా అనుకుంటారు, కానీ పై గేర్‌లో తక్కువ ఆర్‌పీఎంతో ఈడ్చడం కొత్త ఇంజిన్‌కి పెద్ద భారం.

పొద్దున్నే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడం కూడా అక్కర్లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే అర నిమిషం, నిమిషం చాలు. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కేదాకా రేజ్ చేయకుండా మెల్లగా నడపండి. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ వేడెక్కడానికే ఎక్కువ సేపు పడుతుంది.

"కొత్త టైర్లకి గ్రిప్ ఎక్కువ"

ఈ మాట నమ్మి పడినవాళ్ల బళ్లు నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి. ఒక కుర్రవాడు నాకిప్పటికీ గుర్తు. బండి కొన్న మూడో రోజు తెచ్చాడు. ఫుట్‌రెస్ట్ వంగిపోయింది, లీవర్ విరిగింది, అతని మోచేతికి కట్టు. "ఇసుక కూడా లేదండీ, ఊరికే మలుపు తిరిగాను, కిందకి జారిపోయింది" అన్నాడు. టైరు ముట్టుకుంటే వేలు జారింది. ముందురోజు రాత్రి ప్రేమగా బండంతా తుడిచి, మెరుపు కోసం టైర్లకి కూడా పాలిష్ పట్టించాడు.

అచ్చులోంచి వచ్చిన కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. రోడ్డు మీద కొంత దూరం తిరిగి ఆ నునుపు పోయాకే రబ్బరు అసలు పట్టు ఇస్తుంది. మొదటి 150 కిలోమీటర్లు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. గట్టిగా వంచొద్దు, మలుపులో బ్రేక్ వేయొద్దు, మలుపు మధ్యలో ఒక్కసారిగా థ్రాటిల్ తిప్పొద్దు. తిన్నగా పోతే టైరు మధ్య భాగమే గరుకెక్కుతుంది, అంచులు ఇంకా కొత్తగానే ఉంటాయి. మలుపుల్లో వంపుని ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి. వర్షం పడుతుంటే ఇంకా నెమ్మది.

టైర్లు నేల తాకే భాగానికి ఏ పాలిష్ వద్దు. బ్రేక్ డిస్క్ మీద కూడా మైనం, ఆయిల్, షైనర్ ఏదీ పడకూడదు. బండి మీద మీకెంత ఇష్టమున్నా సరే, ఆ రెండు చోట్లూ సబ్బునీళ్లతో ఆపేయండి.

గాలి సంగతి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పుస్తకంలో రాసిన అంకె చల్లటి టైరుది. దూరం వెళ్లొచ్చాక కొలిస్తే ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది, అది మామూలే. ఎక్కువైంది కదా అని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. వర్షంలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్నది కూడా అపోహే. గాలి తగ్గితే టైరు మీది గాడులు మూసుకుపోయి నీటిని బయటికి తోయలేవు. ఇక నైట్రోజన్ నింపిస్తే గాలి చెక్ చేయక్కర్లేదంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది నింపినా వారానికోసారి గేజ్ పెట్టి చూడాల్సిందే.

"ముందు బ్రేక్ పట్టుకుంటే పల్టీ కొడతాం"

మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు, ఇదొక్కటి మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. ఈ భయం వల్లే చాలామంది ఏళ్ల తరబడి వెనక బ్రేక్ ఒక్కటే తొక్కుతారు. వాళ్ల బళ్లు సర్వీసింగ్‌కి వస్తే వెనక షూలు అరిగిపోయి ఉంటాయి, ముందు ప్యాడ్లు మాత్రం కొత్తవిలా ఉంటాయి. చూసినప్పుడల్లా గుండె జారుతుంది.

బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. ముందు టైరు రోడ్డుకి గట్టిగా నొక్కుకుంటుంది, వెనకది తేలికవుతుంది. తేలికైన టైరుకి పట్టు ఉండదు, అందుకే వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకి జారుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపాల్సి వస్తే, ఆపే శక్తిలో సుమారు 70 శాతమో అంతకంటే ఎక్కువో ముందు చక్రానిదే. వెనకది ఒక్కటే వాడితే బండి ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ఆ రెట్టింపు దూరంలో ఎవరో ఒకరు నడుస్తూ ఉండొచ్చు.

మరి ముందు బ్రేక్ వల్ల పడినవాళ్లు లేరా? ఉన్నారు. లీవర్‌ని ఒక్కసారిగా గుంజినవాళ్లు, హ్యాండిల్ తిరిగి ఉండగా పట్టినవాళ్లు, ఇసుక మీదో తడి పెయింట్ గీత మీదో పట్టినవాళ్లు. బరువు ముందుకి రాకముందే గుంజితే టైరుకి పట్టు చిక్కక చక్రం బిగుసుకుంటుంది. అందుకే రెండు దశల్లో పట్టాలి. మొదట లీవర్‌ని మెల్లగా లాగి ఫోర్క్ (ముందు చక్రం మీది షాక్ అబ్జార్బర్లు) కిందికి దిగనివ్వండి, ఆ వెంటనే ఒత్తిడి పెంచుకుంటూ పోండి. తడిబట్ట పిండినట్టు ఉండాలి. వెనక బ్రేక్ కూడా తోడుగా, తేలిగ్గా. ఇదంతా చదివితే రాదు. ఖాళీగా ఉన్న తిన్నని చోట మొదట 20లో, తర్వాత 30లో, 40లో చేసి చూడాలి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజునే పూర్తిగా పట్టవు. డిస్క్‌తో వాటికి ఇంకా ఒరిపిడి కుదరదు. వెనక ఎవరూ లేనప్పుడు 50 నుంచి 10 దాకా మధ్యస్తంగా బ్రేక్ వేస్తూ, మధ్యమధ్యలో చల్లారనిస్తూ, ఒక పదిహేను ఇరవై సార్లు చేస్తే కుదురుకుంటాయి. అంతవరకు ముందు బండికి ఎడం కాస్త ఎక్కువ ఉంచండి.

ఏబీఎస్ ఉంది కదా అంటారు. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, అంతే. రోడ్డుకి లేని పట్టుని అది తెచ్చివ్వదు. కంకర మీద ఇంకా ఎక్కువ దూరం కూడా పట్టొచ్చు. బండి బాగా వంగి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్‌ని నమ్ముకోకూడదు. అది పనిచేసేటప్పుడు లీవర్ చేతిలో టకటకా కొట్టుకుంటుంది. మొదటిసారి అలా జరిగితే ఏదో విరిగిందనుకుని బ్రేక్ వదిలేస్తారు. వదలొద్దు, అలాగే పట్టుకోండి. ఆ వణుకు ఎలా ఉంటుందో ఖాళీ చోట ముందే ఒకసారి తెలుసుకోండి.

"చైన్ టైట్‌గా ఉంటే మంచిది"

లూజు చైన్ చప్పుడు చేస్తుంది కాబట్టి టైట్ చేయించుకుంటారు. గుంతలో పడ్డప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది, ఆ కదలికలో చైన్ ఇంకా బిగుసుకుంటుంది. ముందే బిగుతుగా ఉంటే ఇక దానికి సాగే చోటు ఉండదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది, స్ప్రాకెట్ పళ్లు త్వరగా అరుగుతాయి, మరీ ఎక్కువైతే చైన్ తెగుతుంది. చాలా రోడ్డు బళ్లకి 25 నుంచి 35 మిల్లీమీటర్ల వరకు ఆడే వదులు ఉండాలి. మీ బండికి ఎంతో పుస్తకంలో చూడండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, ఎందుకంటే చైన్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. బండి మీద తిరిగొచ్చిన వెంటనే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు చైన్ ఆయిల్ వేయండి.

ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్‌లో పెట్టి, తిరిగే చైన్‌ని గుడ్డతో తుడిచేవాళ్లున్నారు. గుడ్డని చైన్ లాక్కుంటే వేలు కూడా వెంటే పోతుంది. రెప్పపాటులో వేళ్లు తెగిపోతాయి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పండి.

మిగతావి క్లుప్తంగా

కారు ఆయిల్ పోసినా ఫరవాలేదంటారు. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఒరిపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి. ఆయిల్ నల్లబడింది అంటే పాడైందని కాదు, లోపలి మసిని తనలోకి లాక్కుంటోందని.

దిగుడులో న్యూట్రల్‌లో పోతే పెట్రోల్ మిగులుతుందన్నది ప్రమాదకరమైన అలవాటు. ఇంజెక్షన్ బండిలో గేర్‌లో ఉండి థ్రాటిల్ పూర్తిగా వదిలితే ఇంజిన్ దాదాపు పెట్రోల్ తీసుకోదు. న్యూట్రల్‌లో ఐడిల్ కోసం తాగుతుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి.

దగ్గరికే కదా, నెమ్మదిగానే కదా అని హెల్మెట్ వదిలేస్తారు. పైన చెప్పిన హ్యారీ హర్ట్ నివేదికలో సగం ప్రమాదాల్లో, ప్రమాదానికి ముందు బండి వేగం గంటకి 48 కిలోమీటర్ల లోపే. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చాలి. లోపలి ఫోమ్ ఒక్కసారే నలుగుతుంది, మళ్లీ పొంగదు.

"బండి బాగానే ఉంది, మొదటి సర్వీసింగ్ సంగతి తర్వాత చూద్దాం"

అన్ని సర్వీసింగుల్లోకీ వాయిదా వేయకూడనిది ఇదే. కొత్త భాగాలు ఒరుసుకుని రాలిన సన్నటి లోహపు రజను మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది. ఆ ఆయిల్ తీసినప్పుడు ఎండలో పెడితే తళతళా మెరుస్తుంది. కొత్త క్లచ్ కేబుల్ సాగి ఉంటుంది, చైన్ వదులై ఉంటుంది, స్పోకుల చక్రాలైతే ఒకటి రెండు స్పోకులు లూజై ఉంటాయి. ముఖ్యమైన బోల్టులన్నీ సరైన బిగువులో ఉన్నాయో లేదో చూడాల్సింది కూడా అప్పుడే.

సర్వీసింగ్ అయ్యాక బండి తీసుకునేటప్పుడు, కదిలించకముందే ముందు బ్రేక్ లీవర్‌ని మూడు నాలుగు సార్లు నొక్కండి, వెనక బ్రేక్ కూడా తొక్కి చూడండి. ప్యాడ్లు తీసి శుభ్రం చేసినప్పుడు క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పిస్టన్లు లోపలికి జరుగుతాయి. అలా వదిలేస్తే మొదటి నొక్కుకి లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేక్ పడదు. నొక్కి గట్టిపడ్డాకే ఇవ్వడం మా పని. అయినా మీరూ నొక్కి చూసుకున్నాకే గేర్ వేయండి.