బండి మీద చలి: చివరి మడికి వేడి చేరేదెలా?

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “చలికాలంలో పొద్దున్నే బండి మీద వెళ్తాను. ఒక జత గ్లౌజులు చాలక వాటి మీద ఇంకో జత తొడిగాను. అయినా కాసేపటికే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వెనక కూర్చునే మా తమ్ముడికి గ్లౌజులే లేవు. వాడికేమీ కావట్లేదు. ఎందుకని?”

తమ్ముడి సంగతి చెప్పడం వల్ల ప్రశ్న రక్తికట్టింది. అతని చేతులు అన్నయ్య వీపు చాటున ఉన్నాయి, గాలి తగలట్లేదు. అన్నయ్య చేతులు బండికంతటికీ ముందు ఉన్నాయి. జవాబులో సగం అదే. మిగతా సగం గ్లౌజులో లేదు, జాకెట్‌లో ఉంది.

ముందు గ్లౌజు సంగతి తేల్చేద్దాం. “ఉన్ని బట్టలు వేడినిస్తాయి” అని పిల్లల చేత వల్లె వేయించి మార్కులు వేస్తుంటాం. క్లాసులో ఎప్పుడైనా రెండు ఐసు ముక్కలు తీసుకుని, ఒకటి ప్లేటులో, ఒకటి ఉన్ని గ్లౌజులో పెట్టి, ముందు ఏది కరుగుతుందని అడిగి చూడండి. ఎక్కువమంది గ్లౌజు వైపే చెయ్యెత్తుతారు. ముందు కరిగేది ప్లేటులోది. గ్లౌజు వేడిని పుట్టించదు, ఇటుది అటు పోకుండా అడ్డుపడుతుంది, అంతే. లోపల వేడి ఉంటే వేడిని దాస్తుంది, చల్లదనం ఉంటే చల్లదనాన్నే దాస్తుంది. అలాంటప్పుడు వేలికి వేడి ఎక్కడి నుంచి రావాలి?

కుడి ముంజేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని కుడిచేతి వేళ్ళు ఆడించండి. మోచేతికి కాస్త కిందగా కండలు కదలడం తెలుస్తుంది. వేళ్ళను ముడిచి, చాచే పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి. అరచేతిలో కొన్ని చిన్నవి ఉన్నాయి. వేలిలో మాత్రం ఎముక, టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు), చర్మం, కాస్త కొవ్వు, వీటి మధ్య రక్తనాళాలు, నరాలు. ఒంట్లో వేడి పుట్టించే ముఖ్యమైన సరుకు కండరం. అది వేలికి లేదు. వేలికి వచ్చే వేడి దాదాపు అంతా రక్తంతో పాటు రావాల్సిందే.

కాలువ చివరి మడిని తలుచుకోండి. వేలిది అదే పరిస్థితి. ఛాతీ, పొట్ట చెరువు. అక్కడ నీటిమట్టం 37 డిగ్రీలు, అది తగ్గడానికి వీల్లేదు. భుజం, మోచెయ్యి, మణికట్టు దాటి వచ్చే ధమనులు కాలువలు. తూముల దగ్గర కూర్చున్న లస్కరు మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం, హైపోథాలమస్. చెరువు నిండుగా ఉన్నంతకాలం అతను ధారాళంగా వదులుతాడు. వేలికొసల్లో, అరచేతిలో ధమని నుంచి సిరకు నేరుగా కలిపే అడ్డదారి నాళాలున్నాయి. కేశనాళికల కంటే బాగా వెడల్పైనవి. అవి తెరుచుకుంటే వేళ్ళు వెచ్చగా, ఎర్రగా ఉంటాయి. చెరువు మట్టం కాస్త తగ్గే సూచన కనిపించిందో, లస్కరు మొట్టమొదట మూసేది వాటినే. గుండెకు, మెదడుకు కోత పెట్టడు కదా!

ఆ మూత ఎంత గట్టిదో చెప్పడానికి ఒక సూత్రం చాలు. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు. నాళం కొంచెం బిగుసుకుంటే చాలు, చివరి మడి ఎండిపోతుంది.

పైగా దారిలో ఇంకో తంతు జరుగుతుంది. చలిలో చర్మం కింద పైపైన కనిపించే సిరలు ముడుచుకుని, వెనక్కి వచ్చే రక్తం లోతైన సిరల గుండా నడుస్తుంది. ఆ సిరలు ధమనిని ఆనుకునే ఉంటాయి. వేళ్ళ నుంచి తిరిగొచ్చే చల్లని రక్తం, కిందికి దిగే వెచ్చని రక్తం నుంచి వేడిని మధ్యలోనే లాక్కుని మళ్ళీ చెరువులోకి చేరుస్తుంది. అంటే కాలువ పక్కనే మురుగు కాలువ తవ్వితే, ఊట దానిలోకి దిగి వెనక్కే పోయినట్టు. మణికట్టు చేరేసరికే ధమని రక్తం చల్లబడి ఉంటుంది. చెరువుకిది లాభం, మడికి నష్టం.

లస్కరు మరీ కఠినాత్ముడేమీ కాదు. థామస్ లూయిస్ అనే శాస్త్రవేత్త 1930లో ఒక వింతను వివరించాడు. వేలిని ఐసు నీళ్ళలో ముంచి ఉంచితే మొదట నాళాలు బిగుసుకుంటాయి. ఓ 5 నుంచి 10 నిమిషాలకు వాటంతటవే తెరుచుకుని వేలు కాస్త వెచ్చబడుతుంది. మళ్ళీ మూత, మళ్ళీ తెరుపు. దీన్ని హంటింగ్ రియాక్షన్ అంటారు. వంతులవారీగా నీళ్ళు వదలడమన్నమాట. అయితే ఒళ్ళంతా చలితో ఉన్నప్పుడు ఈ వంతు ఆలస్యంగా వస్తుంది, బలహీనంగా వస్తుంది. చెరువు అడుగంటితే వంతులూ ఉండవు.

ఇక గాలి. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒళ్ళంతా కలిపి పుట్టించే వేడి సుమారు 100 వాట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, వేలంత లావున్న వస్తువు నుంచి గాలి లాగేసే వేడి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 100 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది. నడిచేటప్పటి కంటే దాదాపు నాలుగు రెట్లు. ఒక్కో చేతిలో గాలికి ఎదురుగా ఉండే భాగం 250 చదరపు సెంటీమీటర్లనుకుందాం. గాలి 10 డిగ్రీలుంటే, గ్లౌజులు లేకుండా చర్మాన్ని 25 డిగ్రీల దగ్గర నిలబెట్టాలంటే రెండు చేతులకూ కలిపి 75 వాట్లు కావాలి. ఒంటి రాబడిలో ముప్పావు వంతు రెండు చేతులకే! లస్కరు ఒప్పుకుంటాడా? తూము మూసేస్తాడు. చర్మం 25 నుంచి జారుతూ పోతుంది.

వేగం రెట్టింపైతే ఈ నష్టం రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లవుతుంది. కాబట్టి 60 నుంచి 40కి తగ్గినా వేళ్ళకు తేడా తెలుస్తుంది.

వాతావరణ వార్తల్లో “ఉన్నది ఇంత, అనిపించేది ఇంత” అంటారే, ఆ లెక్కకు మూలపురుషులు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్. 1939-41 అంటార్కిటికా యాత్రలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, గాలిలో వేలాడదీసి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. 1945లో ప్రచురించారు. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో వాడేది 2001లో సవరించిన సూత్రం. దాని ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల గాలిలో 10 డిగ్రీలు 5 డిగ్రీల్లా అనిపిస్తుంది. కానీ అది ముఖానికి వేసిన లెక్క. వస్తువు సన్నబడేకొద్దీ గాలి దాన్నుంచి వేడిని ఇంకా చురుగ్గా లాగుతుంది కాబట్టి వేలికి ఆ 5 కూడా ఉదారమైన అంచనాయే. ఇంకో మాట. గాలి ఎంత కొట్టినా పొడి వస్తువు ఏదీ గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి దిగదు. “అనిపించేది మైనస్సు కదా, ఇంజన్‌లో నీళ్ళు గడ్డకడతాయేమో” అని కంగారుపడేవాళ్ళున్నారు. ఇంజన్‌కు ఏమీ అనిపించదు.

ఇప్పుడు రెండు జతల గ్లౌజుల దగ్గరికి వద్దాం. బల్లపరుపు వస్తువుకు అడ్డుపొర మందం నాలుగింతలు చేస్తే ఆ పొర నిరోధం నాలుగింతలవుతుంది. వేలు గుండ్రం. 8 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న వేలి చుట్టూ 3 మిల్లీమీటర్ల పొరకు బదులు 12 మిల్లీమీటర్లు కడితే మూడు రెట్లు కూడా రాదు, ఎందుకంటే లెక్క సంవర్గమానంలో (లాగరిథమ్‌లో) నడుస్తుంది. పొర పెరిగేకొద్దీ వేడి పోవడానికి బయటి వైశాల్యమూ పెరుగుతుంది. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే తొడుగు వెచ్చగా ఉండడానికి కారణమిదే, వేళ్ళ మధ్య వైశాల్యం లెక్కలోంచి పోతుంది.

జ్యామితి సంగతి అలా ఉంచితే, రెండు జతలు బిగుతుగా పడితే అసలుకే మోసం. అడ్డుకునేది దారం కాదు, దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలి. నొక్కితే గాలి పోతుంది, పైగా చర్మం దగ్గరి సన్నని నాళాలూ నలుగుతాయి. గ్లౌజు తొడిగి చెయ్యి చాచి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిలి బిగించండి. వేలికొస గ్లౌజు చివరికి తగిలి, వేలి వెనక భాగం లాగుతుంటే సైజు చిన్నదే. సరిగ్గా గాలి తగిలే చోటే పొర పలచబడింది. తడిసిన గ్లౌజు సంగతి చెప్పనే అక్కర్లేదు, నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని దాటిస్తుంది.

అందుకే నా ఓటు ముందు చెరువుకు. లోపల ఇంకో స్వెటర్, దాని మీద గాలి చొరబడని జాకెట్, జిప్పు గొంతు దాకా, మెడకు మఫ్లర్. చేతుల కోసమే ఇవన్నీ! ఛాతీకి చలి తగ్గగానే లస్కరు తూము వదులుతాడు. తర్వాత మణికట్టు. అక్కడ నాడి వేలికి తగిలేంత పైన ధమని నడుస్తుంది. గ్లౌజుకూ జాకెట్ చేతికీ మధ్య సందు ఉంటే గాలి సరాసరి దాని మీదే కొడుతుంది. మూడోది గాలికి అడ్డు. హ్యాండిల్‌కు బిగించే హ్యాండ్‌గార్డులు, వాటికంటే హ్యాండిల్ కొసలను మొత్తం కప్పే సంచుల్లాంటి మఫ్‌లు. మఫ్ చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం అన్నిటికంటే బాగా చేస్తుంది, ఎందుకంటే అది 60 కిలోమీటర్ల గాలిని నిలిచిన గాలిగా మార్చేస్తుంది. బిగించాక రెండు చూసుకోవాలి. చెయ్యి క్షణంలో బయటికి రావాలి. వేగంలో గాలి మఫ్‌ను వెనక్కి నెట్టి బ్రేక్ లివర్‌ను నొక్కకూడదు.

వేడెక్కే గ్రిప్పులు అరచేతిని కాపాడతాయి, గాలి కొట్టేది వెనక వైపు. మఫ్‌తో కలిపితే అద్భుతం, విడిగా సగం పనే. ఇనుప పొడి ఉండే వెచ్చని ప్యాకెట్లు తుప్పు పట్టడం వల్ల వేడెక్కుతాయి. తుప్పుకు ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని గ్లౌజులో బిగించేస్తే చల్లారిపోతాయి.

రెండు చుక్కలు వేసుకుంటే వేడి పుడుతుందనే నమ్మకం ఎక్కడికి పోయినా ఉంది. మద్యం చర్మంలోని నాళాలను తెరుస్తుంది. వెచ్చగా అనిపించేది చెరువుకు పడిన గండి. తాగి బండెక్కడం గురించి వేరే చెప్పాలా? సిగరెట్ అయితే నికోటిన్‌తో నాళాలను ఇంకా బిగిస్తుంది.

వేలి చర్మం 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే చేతి నేర్పు మందగిస్తుంది. నరాల్లో సంకేతాల వేగమూ తగ్గుతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16 మీటర్ల పైనే. బ్రేక్ నొక్కడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు పోయినట్టు. వేళ్ళు మొద్దుబారాయంటే ఆగిపోవడమే. ఆగి, చేతులు చాచి భుజాల దగ్గర నుంచి గుండ్రంగా గిరగిరా తిప్పండి. సెకనుకో చుట్టు తిప్పితే వేళ్ళ దగ్గర త్వరణం గురుత్వానికి దాదాపు మూడు రెట్లుంటుంది. రక్తం కొసలకు దిగక తప్పదు. కాసేపటికి వేళ్ళు భరించలేనంత సలుపుతాయి. అది తూము తెరుచుకున్న గుర్తు. అప్పటిదాకా సైలెన్సర్ దగ్గరా, మరిగే నీళ్ళ దగ్గరా చేతులు పెట్టొద్దు, మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి బొబ్బ లేచాక గాని తెలియదు.