సైకిలు మీద వెళ్లిన టెలిగ్రాములు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అన్ని అణుబాంబులు పెట్టుకుని అమెరికా, రష్యా ఎందుకు కొట్టుకోలేదని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. రెండువైపులా చావు భయం ఉందిగా అంటారు చాలామంది. సగం నిజమే. కానీ ఒకరి మాట ఒకరికి వేళకు అందక కొంప మునగబోయిన రోజులూ ఉన్నాయి.

1945లో అమెరికా హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు వేసింది. 1949లో సోవియట్ యూనియన్, అంటే మీరన్న అప్పటి రష్యా, తన బాంబును పరీక్షించింది. ఇక పోటాపోటీ. 1961లో సోవియట్లు పేల్చినది 50 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు మూడు వేల రెట్ల పైమాటే! దాంతో ఏం గెలుద్దామనుకున్నారో నాకిప్పటికీ అంతుబట్టదు.

1962లో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అమెరికా గుమ్మం ముందున్న క్యూబాలో క్షిపణులు పెట్టించాడు. అమెరికావి అప్పటికే టర్కీలో ఉన్నాయి, అదీ గుర్తుంచుకోండి. అమెరికా అధ్యక్షుడు కెనెడీ యుద్ధనౌకలతో క్యూబా దారి మూసేశాడు. అంత టెన్షన్‌లో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దోబ్రినిన్ మాస్కోకు కబురు ఎలా పంపేవాడనుకున్నారు? రహస్య లిపిలోకి మార్చిన టెలిగ్రామును ఓ కుర్రాడు సైకిలు మీద వచ్చి పట్టుకెళ్లేవాడు. వాడు దారిలో ఏ అమ్మాయితోనో కబుర్లకు ఆగకుండా ఉంటే చాలని రాయబార కార్యాలయం వాళ్లు దేవుడికి దణ్ణం పెట్టుకునేవారట. అక్టోబరు 26న క్రుశ్చేవ్ రాసిన ఉత్తరం కెనెడీకి పూర్తిగా చేరేసరికి సుమారు సగం రోజు గడిచింది.

మర్నాడు ఇంకా ఘోరం. సముద్రంలో దాగిన బి-59 అనే సోవియట్ సబ్‌మెరైన్‌ను పైకి రప్పించాలని అమెరికా నౌకలు చిన్న పేలుడు గుళ్లు వదిలాయి. అవి హెచ్చరిక మాత్రమేనని మాస్కోకు ముందే చెప్పారు గానీ, ఆ మాట సబ్‌మెరైన్ దాకా రాలేదు. లోపల భరించలేని ఉక్క, మాస్కోతో సంబంధం లేదు. పైన యుద్ధం మొదలైందేమోనని కెప్టెన్ సవిత్‌స్కీ అణు టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధం) సిద్ధం చేయమన్నాడట. అందులోనే ఉన్న అర్ఖిపోవ్ అనే అధికారి ఆయన్ను శాంతపరిచాడని తోటి నావికులు తర్వాత చెప్పారు. సబ్‌మెరైన్ పైకి తేలింది.

ఆ దెబ్బకు 1963లో రెండు రాజధానుల మధ్య నేరుగా కబురందే హాట్‌లైన్ వేశారు. సినిమాల్లో చూపించే ఎర్ర ఫోను ఊహే, అక్కడ ఉన్నది టెలిప్రింటరు, అంటే ఇక్కడ టైపు చేస్తే అక్కడ అచ్చయ్యే యంత్రం. అక్షరాలన్నీ సరిగా పడుతున్నాయో లేదో చూడటానికి అమెరికా మొదట పంపింది బద్ధకపు కుక్క మీంచి దూకిన నక్క గురించిన, ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చే టైపింగ్ వాక్యం. దాని భావమేమిటో మాస్కో వాళ్లకు బోధపడలేదట! అసలు పని 1967లో పడింది, పశ్చిమాసియాలో యుద్ధం మొదలైన రోజున.

మీ తాతయ్య