గ్రామసభ, గ్రామ ప్రణాళిక: అపోహలు – వాస్తవాలు

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల తయారీలో ఊళ్ళకు సహాయకుడిగా వెళ్ళడం కొన్నేళ్ళుగా నా పని. ఏ ఊరికి వెళ్ళినా గ్రామసభ గురించి వినిపించే మాటలు దాదాపు ఒకటే కాబట్టి, వాటిలో కొన్నిటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: గ్రామసభ అంటే సర్పంచి, వార్డు సభ్యులు పెట్టుకునే సమావేశం.

వాస్తవం: అది పాలకవర్గ సమావేశం. గ్రామసభ వేరు. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరపాలని చెబుతోంది.

అపోహ: గ్రామసభ అర్జీలు ఇచ్చుకునే రోజు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం కోసం కాగితాలు పట్టుకుని జనం వరుసలో నిలబడతారు, అధికారులు అవి తీసుకుని రసీదు ఇస్తారు, మధ్యాహ్నానికి సభ ముగుస్తుంది. అయితే 243జి అధికరణం పంచాయతీలకు అప్పగించదగిన పనిగా చెప్పినది ఆర్థికాభివృద్ధికి, సామాజిక న్యాయానికి ప్రణాళికలు తయారుచేయడం. అర్జీ ఒక ఇంటి అవసరాన్ని చెబుతుంది. ఊళ్ళో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తేల్చేది ప్రణాళిక. ఆ తేల్చుకోవడం సభ రోజు రెండు గంటల్లో జరిగేది కాదు, అంతకు ముందే వార్డుల్లో తిరిగి చేసుకోవలసిన పని.

ఒక ఊళ్ళో బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి పటం గీయించాం. మగవాళ్ళు గుడి, రచ్చబండ, పంచాయతీ ఆఫీసు, తారురోడ్డు గీసి చేతులు దులుపుకున్నారు. అప్పుడు ఒక పెద్దావిడ గుప్పెడు పిండి తీసుకుని, పటం అంచు దాటి నాలుగడుగులు నడిచి, నేల మీద ఒక చుక్క పెట్టి, “మా కాలనీ బోరు ఇక్కడుందయ్యా, మీ ఊళ్ళో లేదు” అన్నది. ఆ ఏడాది మంచినీటి పనుల్లో మొదటి వరుసలో చేరింది ఆ చుక్కే.

అపోహ: తీర్మానం రాసి సంతకాలు పెడితే పని అయినట్టే.

వాస్తవం: తీర్మానంలో ఏం రాశారన్నదే అసలు సంగతి. “కాలనీలో మురుగు కాలువ” అని రాసిన ఒక తీర్మానం మీద కాలువ వచ్చింది గానీ, నీళ్ళు నిలిచే చోట కాకుండా కాలనీకి రెండో కొసన వచ్చింది. ఆ తీర్మానం రాయించినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి తప్పు ఎవరి మీదికీ నెట్టలేను. అప్పటినుంచి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, సుమారు ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్ళకు ఉపయోగం అన్నవి రాశాక, సభలో పైకి చదివి వినిపించిన తర్వాతే సంతకాలు తీసుకోమంటున్నాను. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు సేకరించే అలవాటున్న చోట ఊరి మాటకు విలువ ఉండదు. ఆమోదం పొందిన ప్రణాళికను, పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు ఉంచే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన, 2020లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. సభలో చెప్పిన పని అందులో ఉందో లేదో పోల్చి చూడడం ఊళ్ళో చదువుకున్న పిల్లలకు అప్పగించదగిన పని.

అపోహ: నిధులు వస్తే ఊరు కోరిన ఏ పనైనా చేయవచ్చు.

వాస్తవం: 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన మామూలు గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినది. 10 లక్షలు వస్తే 6 లక్షలతో సిమెంటు రోడ్డు వేయడం కుదరదన్నమాట. ఈ లెక్క సభ మొదట్లోనే చెప్పకపోతే, సగం కోరికలు ఆ తర్వాత ఎవరో కొట్టేశారన్న అనుమానంగా మిగులుతాయి.

అపోహ: జనం బాగా వస్తే అందరి మాటా వచ్చినట్టే.

వాస్తవం: 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అది పెద్ద ప్రయత్నమే. కానీ హాజరు పట్టీ ఎవరు వచ్చారో చెబుతుంది, ఎవరు మాట్లాడారో చెప్పదు. పొద్దున పది గంటలకు సభ పెడితే కూలికి వెళ్ళేవాళ్ళు ఉండరు. పంచాయతీ ఆఫీసు ముందు పెడితే తండావాళ్ళు రెండు కిలోమీటర్లు నడిచి రావాలి. అందుకే పొదుపు సంఘాల మహిళలు విడిగా కూర్చుని తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను సభలో చదివించి, అసలు ప్రణాళికలో కలపాలి. దాన్ని తోకలా చివర అతికించడం నాకు నచ్చని పద్ధతి.

అపోహ: ఏజెన్సీలోనూ ఇవే నియమాలు.

వాస్తవం: షెడ్యూల్డు ప్రాంతాల్లో, అక్కడికి పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం పంచాయతీ ప్రణాళికలు, పనులు అమలుకు ముందే గ్రామసభ ఆమోదం పొందాలి, ఖర్చయిన నిధులకు వినియోగ ధ్రువపత్రం కూడా గ్రామసభ నుంచే తెచ్చుకోవాలి. కట్టిన చెక్‌డ్యాం దగ్గరే సభ పెట్టుకుని, నీరు కారుతున్న మూల సరిచేశాకే ధ్రువపత్రం ఇస్తామని చెప్పి లేచి వెళ్ళిపోయిన గూడేన్ని నేను చూశాను. మూడు వారాల తర్వాత మేస్త్రీ మళ్ళీ వచ్చాడు.