సిలికాన్ గన్ గురించి అపోహలు – వాస్తవాలు

కిటికీలు, బాత్‌రూమ్ సందులు సీల్ చేయడం నా రోజువారీ పని. వానాకాలం మొదలైతే చాలు, ఫోన్ తీయగానే ఒకటే మాట: "పోయినేడాదే సిలికాన్ కొట్టించాం, మళ్లీ నీళ్లు కారుతున్నాయి." సిలికాన్ అంటే సందుల్లో నింపే, ఆరాక రబ్బరులా మారే పేస్టు, ట్యూబ్‌లోంచి దాన్ని బయటికి తోసే పనిముట్టే గన్. కొత్త ట్యూబ్ కొనే ముందు ఇది చదవండి.

అపోహ: పాత సిలికాన్ మీద ఇంకో పొర వేస్తే సరిపోతుంది.

సరిపోదు. గట్టిపడిన పాత సిలికాన్‌కి కొత్త సిలికాన్ కూడా సరిగా అతుక్కోదు. కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు ఫ్లాట్ ఒకటి చూశాను, కిటికీ చుట్టూ మూడు పొరలు ఉన్నాయి. కట్టర్‌తో ఒక మూల లేపి లాగితే మూరెడు పొడవున రబ్బరు పట్టీలా ఊడొచ్చింది, వెనక తిప్పి చూస్తే గోడ రంగు పొడి, సిమెంట్ దుమ్ము దానికే అంటుకుని ఉన్నాయి. అంటే మొదటి రోజు నుంచీ అది పట్టుకుంది దుమ్మునే, గోడను కాదు. పాతదంతా గీకేసి, దుమ్ము దులిపి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే గన్ పట్టుకోవాలి. పనిలో ఎక్కువ టైమ్ దీనికే పోతుంది, పోనివ్వండి.

అదే ఇంట్లో ఇంకో పొరపాటు కూడా దొరికింది. స్లైడింగ్ కిటికీ కింది ట్రాక్‌కి బయటివైపు చిన్న కన్నాలుంటాయి కదా, నీళ్లు వాటిలోంచే లోపలికి వస్తున్నాయనుకుని ఎవరో సిలికాన్‌తో మూసేశారు. ట్రాక్‌లో పడిన వాన నీళ్లు బయటికి పోవడానికే ఆ కన్నాలు. అవి మూసుకుపోతే ట్రాక్ నిండి నీళ్లు హాల్లోకి పొర్లుతాయి. దయచేసి వాటి జోలికి పోకండి.

అపోహ: ఏ గన్ అయినా ఒకటే, చౌకది చాలు.

మామూలు సిలికాన్, యాక్రిలిక్ సీలెంట్లకు (సందులు మూసే పేస్టులకు) 12:1 గన్ చాలు. అంటే ట్రిగ్గర్ మీద మీరు పెట్టే బలం సుమారు 12 రెట్లై ట్యూబ్ అడుగును తోస్తుంది. పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ చిక్కగా ఉంటుంది, దానికి 18:1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావాలి, లేకపోతే పది నిమిషాలకే చెయ్యి లాగేస్తుంది, చెయ్యి వణికితే గీత వంకర పోతుంది. 300 మి.లీ. ట్యూబ్ పట్టే గన్‌లో 600 మి.లీ. సాసేజ్ ప్యాక్ (మెత్తటి రేకు సంచిలో వచ్చేది) పట్టదు, దానికి గొట్టం గన్ వేరే ఉంటుంది. ఇంకొకటి, ట్రిగ్గర్ వదిలినా లోపలి ఒత్తిడి తగ్గదు కాబట్టి సీలెంట్ కారుతూనే ఉంటుంది. గీత పూర్తవగానే వెనక రేకును బొటనవేలితో నొక్కండి, రాడ్ వదులై కారడం ఆగుతుంది. డ్రిప్‌లెస్ గన్‌లో ఆ పని దానంతటదే అవుతుంది. రోజూ పని చేసేవాళ్లు అదే కొనండి.

అపోహ: నాజిల్ (ట్యూబ్ ముందుండే మొన) పెద్దగా కోస్తే పని త్వరగా అవుతుంది.

తుడవడానికి రెట్టింపు టైమ్ పడుతుంది. సందు వెడల్పుకి కొంచెం తక్కువగా, 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి.

అపోహ: సందు ఎంత లోతుంటే అంతా సిలికాన్‌తోనే నింపాలి.

ఇక్కడే డబ్బు, పని రెండూ పోతాయి. సీలెంట్ రెండు పక్క గోడలనే పట్టుకోవాలి, అడుగును కూడా పట్టుకుంటే ఎండకి, చలికి సందు సాగినప్పుడు అది సాగలేక చిరుగుతుంది. ముందు ఫోమ్ తాడు, అదే బ్యాకర్ రాడ్, లోపలికి దూర్చి దాని మీద వేయండి. 10 మి.మీ. వెడల్పుంటే 5 మి.మీ. లోతు చాలు.

అపోహ: వెనిగర్ వాసన వస్తే అది కల్తీ సరుకు.

కాదు, అది ఎసిటిక్ రకం, అంటే ఆరేటప్పుడు వెనిగర్‌లో ఉండే ఆమ్లమే వదులుతుంది. గాజుకి, గ్లేజ్డ్ టైల్స్‌కి బాగుంటుంది. మార్బుల్, సిమెంట్, అద్దం వెనక వైపు, రాగి, ఇనుము దగ్గర మాత్రం వద్దు, ఆ ఆమ్లం వాటిని తినేస్తుంది. అక్కడ న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. రంగు వేయాల్సిన చోటైతే రెండూ వద్దు, సిలికాన్ మీద పెయింట్ నిలవదు, యాక్రిలిక్ వాడండి.

అపోహ: పైన ఆరితే అయిపోయినట్టే.

పైపొర పావుగంటలో గట్టిపడుతుంది గానీ లోపల రోజుకు 2-3 మి.మీ. మాత్రమే ఆరుతుంది. బాత్‌రూమ్‌లో కనీసం ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. మరుసటి రోజుకీ పైన వేలికి జిగురుగానే అంటుతుంటే ట్యూబ్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. గడువు దాటిందైతే ఇక ఎన్ని రోజులు ఆగినా ఆరదు, మొత్తం గీకేసి మళ్లీ వేయాల్సిందే.