ముందు రాళ్ళు, తర్వాత మిషన్

రాజమహేంద్రవరం

బుజ్జీ, చిన్నా,

ఆదివారం వీడియో కాల్‌లో మీరిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెప్పినా నాకు అర్థమైంది. పుట్టినరోజుకి రాక్ టంబ్లర్ కావాలి, ఏది కొనాలో అమ్మమ్మ చెప్పాలి. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీకు ఒత్తులు కూడా వచ్చేశాయి కాబట్టి నెమ్మదిగా మీరే చదువుకోండి. తట్టుకున్న చోట అమ్మని అడగండి.

మా ఇళ్ళల్లో టంబ్లర్ అంటే మంచినీళ్ళు తాగే గ్లాసు. ఇది వేరు. రబ్బరు డబ్బాలో రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి వేసి, మూత బిగించి, మోటారు మీద పగలూ రాత్రీ వారాల తరబడి దొర్లించే మిషన్. ఇక్కడ గోదావరి ఎన్నో ఏళ్ళు చేసే పనిని మీ బేస్‌మెంట్‌లో నెలా రెండు నెలల్లో చేస్తుంది. మన అమ్మమ్మలు, నానమ్మలు అచ్చనగాయలు ఆడుకున్న నున్నటి గులకరాళ్ళు నది దొర్లించినవే. ఒక రాయి ఇంకో రాయికి, ఇసుకకి రాసుకుని రాసుకుని మూలలు అరిగిపోతాయి. అంతే సూత్రం.

మీరు మిషన్ గురించి అడిగారు. నేను రాళ్ళతో మొదలుపెడతాను. ఎందుకో నాకు జరిగింది వింటే తెలుస్తుంది.

బుజ్జి ఒకటో క్లాసులో ఉన్నప్పుడు నేను మిన్నెసోటాలో మీ దగ్గర ఆరు నెలలున్నాను కదా. అప్పుడు మీ పక్కింటి ఆవిడ తన పాత మిషన్ నాకు కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చింది. సుపీరియర్ సరస్సు ఒడ్డుకి వెళ్ళినప్పుడు ఏరుకొచ్చిన రాళ్ళన్నీ కడిగి ఒకేసారి డబ్బాలో వేసేశాను. అగేట్లు అనే ఎర్రటి గట్టిరాళ్ళు నాలుగైదు, గ్రానైట్ ముక్కలు, బూడిదరంగు సున్నపురాళ్ళు, పాలలా తెల్లగా ఉన్న కాల్సైట్. వారం తర్వాత మూత తీస్తే కాల్సైట్ దాదాపు లేదు. సున్నపురాళ్ళు సగానికి సగం అరిగి, డబ్బా నిండా చిక్కటి బురద. అగేట్లకి మాత్రం గరుకు మూలలు కూడా పోలేదు. గ్రానైట్ ముక్కల్లో మెరిసే అభ్రకం ఊడిపోయి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పిన నేను, అన్ని రాళ్ళూ ఒకే గట్టితనంతో ఉండవన్న సంగతి ఆ డబ్బా దగ్గర ఆలోచించలేదు. చాలా బాధనిపించింది. ఆ తెల్లరాయిని చిన్నా తన చేత్తో ఏరి ఇచ్చాడు.

కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. ఒక డబ్బాలో వేసే రాళ్ళన్నీ దాదాపు ఒకే గట్టితనంతో ఉండాలి. ఫ్రెడ్రిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త 1812లో ఖనిజాలని గట్టితనం ప్రకారం ఒకటి నుంచి పది వరకు వరసలో పెట్టాడు. పౌడర్ చేసే టాల్క్ ఒకటి, వజ్రం పది. మన గోరు రెండున్నర, కాల్సైట్ మూడు, వంటింటి చాకు సుమారు అయిదున్నర, పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఏడు. అగేట్, జాస్పర్ కూడా పలుగురాయి కుటుంబమే, ఆరున్నర నుంచి ఏడు దాకా ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్ళకి ఈ కుటుంబాన్ని మించినవి లేవు. గట్టివి, మెరుపు బాగా పడుతుంది, చిన్న పొరపాటు జరిగినా తట్టుకుంటాయి.

రాయి ఏదో తెలియకపోతే నాన్నని పక్కన పెట్టుకుని చాకు మొనతో గట్టిగా గీయండి. రాయి మీద గాడి పడితే అది మెత్తది, పక్కన పెట్టేయండి. గాడి పడకుండా చాకు ఇనుము రాయి మీద బూడిదరంగు గీతలా అంటుకుంటే గట్టిది. ఆ గీత వేలితో తుడిస్తే పోతుంది, గాడి పోదు. ఇంకో పరీక్ష, ఒక చుక్క వెనిగర్. చుక్క పడ్డ చోట చిన్న చిన్న బుడగలతో నురగొస్తే అది సున్నపురాయి. ఆ రెండు పరీక్షలూ ముందే చేసి ఉంటే నా మొదటి డబ్బా పాడయ్యేది కాదు.

మీరు ఎంత మంచి చోట ఉన్నారో మీకు తెలుసా? మీ మిన్నెసోటా రాష్ట్రానికి అధికారిక రత్నం సుపీరియర్ సరస్సు అగేటే. 1969లో ప్రకటించారు. 110 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ నేల చీలి లావా పొంగింది. లావా చల్లారేటప్పుడు అందులో చిక్కుకున్న గాలి బుడగలు ఖాళీ గదుల్లా మిగిలిపోయాయి. ఆ గదుల్లోకి సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థం, కలిసిన నీరు ఊరి, పొర మీద పొర పేరుకుంది. అదే అగేట్. అక్కడి ఇనుము వల్ల దానికి ఎరుపు. తర్వాత మంచుయుగంలో పెద్ద పెద్ద హిమానీనదాలు ఆ లావా రాతిని గీకి, అగేట్లని దక్షిణానికి మోసుకొచ్చి మీ ఊళ్ళ నేలలో కలిపేశాయి. అందుకే మీ వీధి పక్కన పోసిన కంకరలో కూడా దొరుకుతాయి.

ఇప్పుడు ఇక్కడి సంగతి వినండి. మన దక్కన్ పీఠభూమిలో కూడా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ఇలాగే లావా పొంగింది. ఆ బుడగల్లోనూ అగేట్లు పుట్టాయి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టేది ఆ లావా రాతి మీదే. 1465 కిలోమీటర్ల దారిలో ఆ రాళ్ళని దొర్లించుకుంటూ తెస్తుంది. మా ఇల్లు కట్టేటప్పుడు ఇసుక జల్లెడ పట్టగా మిగిలిన గులకరాళ్ళ కుప్పలో మీ అమ్మ చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చునేది. తేనెరంగువి, పాలరంగువి, లోపల ఉంగరాలున్నవి ఏరి పౌడరు డబ్బాలో దాచేది. అవి అగేట్లే. మీ రాయికీ మా రాయికీ వయసులో వంద కోట్ల ఏళ్ళ తేడా ఉన్నా, రెండూ పుట్టింది లావా బుడగలోనే.

ఏరేటప్పుడు ఒక కిటుకు. వాన వెలిసిన తర్వాత, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ కంకరలో చూడండి. అగేట్ గుండా వెలుతురు వస్తుంది, లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. స్టేట్ పార్కుల్లో మాత్రం ఒక్క రాయి కూడా తీయకూడదు, అక్కడ నిబంధన ఉంది. ఎవరి స్థలంలోనైనా అడిగి తీసుకోండి.

కొనాల్సి వస్తే "రఫ్" అని అమ్మేవి చూడండి. అంటే పాలిష్ కాని ముడి ముక్కలు. ముక్కలు అర అంగుళం నుంచి అంగుళంన్నర దాకా రకరకాల సైజుల్లో ఉండాలి. అన్నీ ఒకే సైజువైతే సరిగా రాసుకోవు. పెద్దవాటి మధ్య సందుల్లో చిన్నవి దూరితేనే రాపిడి జరుగుతుంది. పగుళ్ళు, లోతైన గుంటలు ఉన్నవి తీసుకోవద్దు. పగుల్లో ఇరుక్కున్న గరుకు పొడి చివరి దశ దాకా దాక్కుని మెరుపంతా గీకేస్తుంది. ఊదా రంగు అమెథిస్ట్, గులాబీ క్వార్ట్జ్ చూడగానే మీ మనసు లాగుతుంది, నాకు తెలుసు. గట్టివే గానీ లోపల పగుళ్ళు ఎక్కువ. మూడో నాలుగో విడతకి దాచుకోండి. నల్లగా గాజులా మెరిసే అబ్సిడియన్ మెత్తది, అంచులు చిట్లుతాయి, అదీ ఇప్పుడే వద్దు. మరీ నీలంగా, మరీ గులాబీగా ఉన్న అగేట్ బిళ్ళలు చాలావరకు రంగు పట్టించినవే. ఆకుపచ్చ మాలకైట్ అయితే అసలు ముట్టుకోవద్దు. అందులో రాగి ఉంటుంది, ఆ పొడి ఒంటికి మంచిది కాదు.

ఇక మిషన్. రెండు రకాలున్నాయి. గుండ్రంగా తిరిగేది రోటరీ, అదిరేది వైబ్రేటరీ. అదిరేది పని త్వరగా చేస్తుంది గానీ రాయి ఆకారం పెద్దగా మార్చదు, ధర కూడా ఎక్కువ. మూలలు అరిగి గులకరాయిలా రావాలంటే తిరిగేదే కావాలి. మీకు అదే.

డబ్బా రబ్బరుది అయితేనే కొనమని నాన్నకి చెప్పండి. ప్లాస్టిక్ డబ్బా మోత భరించలేం. మీ ఇంట్లో ఇడ్లీ పిండికి గ్రైండర్ తిరుగుతుంటేనే చిన్నా చెవులు మూసుకుంటాడు. ఇది గంటసేపు కాదు, వారాలు తిరుగుతుంది. డబ్బా సైజు మూడు పౌండ్లది తీసుకోండి. అంటే రాళ్ళు, నీళ్ళు, పొడి అన్నీ కలిపి సుమారు కిలో మూడొందల అరవై గ్రాములు. బొమ్మలా ఉండే ఒక పౌండు డబ్బాలో రాళ్ళు జారడానికి చోటుండదు, పని సాగదు. మరీ పెద్దది తీసుకుంటే అది నిండే అన్ని మంచి రాళ్ళు మీ దగ్గర ఉండవు. బొమ్మల దుకాణంలో టైమరు, లైట్లు చూసి మురిసిపోవద్దు. మోటారుకి బెల్టు విడిగా దొరుకుతుందా, డబ్బా ఒక్కటే మళ్ళీ కొనుక్కోవచ్చా, ఈ రెండూ అడగండి. మీ ఊళ్ళో గరాజ్ సేల్స్‌లో లోర్టోన్ కంపెనీ పాత 3ఏ మిషన్ లాంటివి కనిపిస్తాయి. బెల్టు మార్చి వాడుకోవచ్చు. కొత్తదే కావాలని పట్టుబట్టకండి.

పెట్టే చోటు ముఖ్యం. గరాజ్‌లో పెడితే జనవరిలో డబ్బాలో నీళ్ళు గడ్డకడతాయి. బేస్‌మెంట్‌లో వాషింగ్ మిషన్ పక్కన, కింద ఒక ట్రే పెట్టి ఉంచండి. మొదటి రోజు మూత దగ్గర కారుతోందేమో గంటకోసారి చూడండి.

పని నాలుగు దశలు. ఒక్కో దశకి ఒక్కో పొడి. మొదటి మూడూ సిలికాన్ కార్బైడ్. దాన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ కనుక్కున్నాడు. ఇక్కడ కత్తులకి సాన పట్టేవాళ్ళ చక్రాల్లో వాడే కార్బొరండం అదే. గట్టితనం తొమ్మిదికి పైన, అందుకే అగేట్‌ని అరగదీస్తుంది. మొదట 60/90 అనే ముతక పొడి, తర్వాత 120/220, తర్వాత 500, చివరికి పాలిష్‌కి అల్యూమినియం ఆక్సైడ్. నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. మూడు పౌండ్ల డబ్బాకి ఒక్కో దశలో నాలుగు టేబుల్ స్పూన్లు చాలు. రాళ్ళు డబ్బాలో మూడింట రెండొంతులు దాటాలి, ముప్పావు మించకూడదు. తక్కువైతే ఒకదాని మీద ఒకటి పడి చిట్లుతాయి, ఎక్కువైతే కదలవు. నీళ్ళు పైరాళ్ళు కొంచెం కనపడేంత వరకే.

మొదటి దశ దగ్గరే అందరూ తొందరపడతారు. మిషన్‌తో వచ్చే కాగితంలో ఏడు రోజులు అని రాసి ఉంటుంది. ఏడు రోజులకి ఆ పొడి అరిగి మెత్తబడిపోతుంది, అంతే. రాళ్ళ పని అయిపోయిందని కాదు. కడిగి చూడండి. గుంటలు, పదునైన అంచులు ఉన్నవాటికి మళ్ళీ కొత్త ముతక పొడి వేసి ఇంకో వారం తిప్పండి. అగేట్లకి మూడు, నాలుగు వారాలు కూడా పట్టవచ్చు. నున్నగా అయిన వాటిని తీసి ఒక గిన్నెలో దాచి, వాటి స్థానంలో కొత్తవి వేస్తూ ఉండండి. ఒక డబ్బాకి సరిపడా పోగయ్యాకే రెండో దశకి వెళ్ళండి. మొదటి దశలో మిగిలిన గుంటని తర్వాత ఏ పొడీ తీయలేదు. నా రెండో విడతలో అలాంటి రాళ్ళు పదకొండు ఉన్నాయి. మెరిశాయి గానీ ప్రతి గుంటలోనూ తెల్లటి పొడి ఇరుక్కుని కనిపించేది.

దశ మారినప్పుడల్లా రాళ్ళు, డబ్బా, మూత అన్నీ పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. ముతక పొడి ఒక్క రేణువు మిగిలినా పాలిష్‌లో గీతలు పడతాయి. ఆ కడిగిన నీళ్ళు మాత్రం సింకులో పోయకండి. ఆ బురద పైపుల్లో సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్‌లో పోసి, రెండు రోజులు తేరనిచ్చి, పై నీళ్ళు పెరట్లో పోసి, అడుగు బురద తడిగా ఉండగానే సంచిలో కట్టి చెత్తలో వేయండి. ఎండిన బురదని ఊడవకండి, ఊదకండి. గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊరుంది. అగేట్ పూసలకి వందల ఏళ్ళుగా పేరు. పూర్వం అక్కడ పూసలని పొడితో కలిపి తోలుసంచిలో వేసి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవాళ్ళు. మీ మిషన్‌కి ముత్తాత లాంటిదది. కానీ అదే ఊళ్ళో పొడిగా సాన పట్టే పనివాళ్ళు ఆ రాతి ధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పాలయ్యారు. మన పని తడిలోనే జరుగుతుంది కాబట్టి భయం లేదు. ఆ తడి ఆరనివ్వకండి, అంతే. సుత్తితో రాయి పగలగొట్టాల్సి వస్తే అది నాన్న పని, మీ ముగ్గురి కళ్ళకీ రక్షణ అద్దాలు ఉండాలి.

పాలిష్ అయిందో లేదో ఇలా చూడండి. రాయిని తడిపితే ఏ రాయైనా మెరుస్తుంది. బాగా తుడిచి ఆరనిచ్చాక కూడా తడిగా ఉన్నట్టే కనిపిస్తే అయినట్టు. మసకబారితే ముందు దశ సరిగా అవలేదు, 500కి వెనక్కి వెళ్ళండి.

డిసెంబరులో మావయ్య అక్కడికి వస్తున్నాడు. చిన్న గుడ్డసంచిలో ఇరవై గోదావరి గులకరాళ్ళు పంపుతున్నాను. గీసి, వెనిగర్ వేసి, అన్నీ పరీక్ష చేశాను. వాటిలో మూడు మీ అమ్మ పౌడరు డబ్బాలోవి, ఆమెని అడిగాకే వేయండి. మీ ఎర్రటి అగేట్లతో కలిపి ఒకే డబ్బాలో వేయొచ్చు, గట్టితనం సరిపోతుంది. కానీ మొదటి విడతలో వద్దు. మొదటిది మీ వీధి కంకరతో చేయండి. మొదటి వారం మూత తీసేటప్పుడు నాకు కాల్ చేయండి. మీకు సాయంత్రం ఆరైతే ఇక్కడ తెల్లవారుజాము అయిదున్నర, నేను లేచే ఉంటాను. కడగకముందే చూపించండి, ఆ బురదలోంచి రాళ్ళు బయటికి రావడం నేను కూడా చూడాలి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ