ఫోన్ బ్యాటరీకి వడదెబ్బ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఫోన్ బ్యాటరీ రోలంత గట్టిది కాదు. కొన్న రెండేళ్ళకే ఫోను మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంటే, రోజుకు మూడుసార్లు ఛార్జింగ్ పెట్టడం వల్లే పాడైందని అనుకుంటాం. దాని పాత్ర కొంతే. బ్యాటరీ ఆయుష్షును ఎక్కువగా తినేసేవి వేడి, నిండు ఛార్జి. రెండూ ఒకేసారి కలిస్తే మరీ ప్రమాదం.

ఫోను వెనక మూత కింద ఉండే పల్చటి దిమ్మె లోపల రెండు పొడవాటి రేకులు చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. రాగి రేకుకు గ్రాఫైట్ పూత, అల్యూమినియం రేకుకు సాధారణంగా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పూత. రెండూ తగలకుండా మధ్యలో వెంట్రుక కన్నా సన్నటి ప్లాస్టిక్ పొర, అన్నింటినీ తడుపుతూ లిథియం లవణం కలిపిన ద్రవం. ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లిథియం కణాలు, గ్రాఫైట్‌లోకి దూరతాయి, ఫోను వాడుతుంటే వెనక్కి వస్తాయి. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన బ్యాటరీ పనిచేసిందీ ఇలాగే. ఈ బ్యాటరీకి బాట వేసిన శాస్త్రవేత్తలు గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

మొదటిసారి ఛార్జి చేసినప్పుడే గ్రాఫైట్ మీద ఒక పల్చటి పొర కడుతుంది. అది ఉండాల్సిందే, లేకపోతే ద్రవం ఆగకుండా విరిగిపోతూ ఉంటుంది. కానీ ఆ పొర అక్కడితో ఆగదు. పాలమీద మీగడలా మెల్లగా మందమవుతూ, కొంచెం కొంచెంగా లిథియాన్ని తనలో కట్టేసుకుంటుంది. అలా చిక్కిన లిథియం మళ్ళీ పనికిరాదు. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగం అందుకుంటుంది. ఇలాంటి రసాయన చర్యలు పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయన్నది మోటు లెక్క. ఇక నిండు ఛార్జిలో బ్యాటరీ వోల్టేజి 4.2 నుంచి 4.5 వోల్టుల దాకా ఉంటుంది. ఆ ఒత్తిడిలో రెండోవైపు, అంటే అల్యూమినియం రేకు దగ్గర కూడా ద్రవం విరిగి వాయువులు పుడతాయి.

చాలా ఫోన్లకు 35 డిగ్రీల లోపు వాతావరణమే మంచిదని తయారీదారులు చెబుతారు. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో నీడలోనే 45కు అటూఇటూ ఉంటుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో 60 దాటుతుంది. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాప్ తెరిచి, పవర్ బ్యాంక్ తగిలించి మిట్టమధ్యాహ్నం తిరిగే డెలివరీ కుర్రాళ్ళ బ్యాటరీలు త్వరగా పోయేది అందుకే: పైన ఎండ, లోపల ప్రాసెసర్ వేడి, దానికి తోడు ఛార్జింగ్ వేడి. వాళ్ళు చేయగలిగింది ఒకటుంది. పొద్దున ఇంట్లో ఛార్జి చేసుకుని, మళ్ళీ నీడలో ఆగినప్పుడే పవర్ బ్యాంక్ పెట్టుకోవడం.

ఫోను బాగా వేడెక్కితే ఛార్జర్ తీసి, పౌచ్ విప్పి, ఫ్యాన్ కింద గచ్చుమీద పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి తడి లోపలికి చేరుతుంది.

ఫాస్ట్ ఛార్జింగ్‌ను శత్రువుగా చూడనక్కర్లేదు, కాకపోతే బ్యాటరీలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. బయటికెళ్ళే తొందర ఉంటే వాడుకోండి, రాత్రిపూట మామూలు ఛార్జర్ చాలు. ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదించేది లోపం కాదు, గరిష్ఠ వోల్టేజి దగ్గర పడగానే ఫోనే కరెంటు తగ్గిస్తుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం తెరిస్తే చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంది. ఎండాకాలం నాలుగు నెలలైనా అది ఆన్‌లో ఉంచడం మంచిది. రాత్రంతా ఛార్జర్‌కు ఉన్నంత మాత్రాన పేలదు, నిండగానే ఛార్జింగ్ ఆగుతుంది. పరుపు మీద, దిండు కింద మాత్రం వద్దు. వేడి పోయే దారి ఉండదు.

పూర్తిగా సున్నాకు దించి ఎక్కించాలన్న మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. లిథియానికి అది చేటే చేస్తుంది. వాడని ఫోనును బీరువాలో దాచేటప్పుడు సగం ఛార్జితో, స్విచాఫ్ చేసి పెట్టాలి.

వెనక మూత లేచినా, స్క్రీన్ ఒక అంచున ఎత్తుగా కనిపించినా లోపల వాయువు చేరి బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, సూదితో పొడవొద్దు. మధ్యలో ఉన్న ఆ సన్నటి ప్లాస్టిక్ పొర చిరిగితే రెండు రేకులూ కలిసి క్షణాల్లో మంట అందుకుంటుంది. ఫోను ఆపి, కాలే వస్తువులకు దూరంగా గచ్చుమీద పెట్టి, ఆలస్యం చేయకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. కొత్త బ్యాటరీ వేయించుకునేటప్పుడు దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. రాకపోతే వేయించుకోవద్దు. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా అక్కడే ఇచ్చేయండి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించాల్సిన బాధ్యత ఉత్పత్తిదారులదే.